ఆరేళ్ళ పిల్లాడి దస్తూరి: పేజీలు తగ్గించండి, చెయ్యి చూడండి

అమలాపురం దగ్గర ఊరు, ఒకటో తరగతి బాబు, వయసు ఆరేళ్ళు. అక్షరం గీత మీద నిలవడం లేదు, తలకట్లు ఎటో ఎగిరిపోతున్నాయి, పెన్సిలు ముక్కు రోజుకు నాలుగుసార్లు విరుగుతోంది. రోజూ పది పేజీల చూచిరాత రాయిస్తున్నా నెలరోజుల్లో మార్పు లేదు, పైగా పుస్తకం తీస్తేనే ఏడుపు. మీరు అడిగింది ఇదీ. ముందు ఒక పని చెయ్యండి. ఆ పది పేజీలు ఈ రోజే ఆపేయండి.

పది పేజీలు ఎందుకు పనిచెయ్యవో వివరంగా చెప్పాలి. చూచిరాత పుస్తకంలో అచ్చు వరుస పేజీకి పైన ఒక్కటే ఉంటుంది. పిల్లాడు మొదటి వరుస దాన్ని చూసే రాస్తాడు. రెండో వరుసకి వచ్చేసరికి కళ్ళకి దగ్గరగా కనిపించేది తను రాసిన మొదటి వరుసే. అందులో ఉన్న చిన్న వంకర రెండో వరుసలో కాస్త పెరుగుతుంది, ఐదో వరుసకి అదే అక్షరమైపోతుంది. అంటే పేజీ అంతా తన తప్పునే చూసి దిద్దుకున్నాడన్నమాట. దీనికి పాతకాలం బడుల్లో తేలికైన మందు ఉండేది. కింది వరుస నుంచి పైకి రాయించేవారు. అప్పుడు ప్రతి వరుస రాసేటప్పుడూ పైన అచ్చు అక్షరమే కనిపిస్తుంది, తన రాత చెయ్యి కింద ఉండిపోతుంది. ఇప్పటికీ ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

రెండో కారణం అలసట. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మృదులాస్థి. ఒక్కొక్కటే ఏళ్ళ తరబడి గట్టిపడుతూ వస్తుంది, ఆరేళ్ళకి ఆ పని ఇంకా పూర్తికాదు. వేళ్ళని కదిలించే చిన్న కండరాలు కూడా అంతే లేతవి. పది, పదిహేను నిమిషాలు దాటాక వేళ్ళు ఆగిపోతాయి, పిల్లాడు భుజంతో, మోచేత్తో తోయడం మొదలుపెడతాడు. పెన్సిలు మీద బరువు పడేది అప్పుడే. ముక్కు విరిగేది, అక్షరం పెద్దదై గీత దాటేది అప్పుడే. పేజీలో మొదటి రెండు వరుసలు బాగుండి తర్వాత చెదిరిపోతుంటే అది బద్ధకం కాదని గుర్తుపెట్టుకోండి, చెయ్యి అయిపోయింది.

ఇప్పుడు కూర్చోబెట్టడం సంగతి. ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే తప్పు భోజనాల బల్ల. అది సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు, పెద్దవాళ్ళ కొలత. 115 సెంటీమీటర్ల పిల్లాడికి కావలసిన బల్ల 52 సెంటీమీటర్ల దరిదాపుల్లో, కుర్చీ 30 దగ్గర ఉండాలి. ఎత్తు బల్ల ముందు కూర్చోబెడితే భుజాలు చెవుల దాకా లేస్తాయి, కాళ్ళు గాలిలో వేళ్ళాడతాయి. కాళ్ళకి ఆనిక లేకపోతే నడుము నిలవదు, నడుము నిలవకపోతే ఎడమ చెయ్యి కాగితాన్ని పట్టుకోవడం మానేసి ఒంటిని మోసే పనిలో పడుతుంది. కొత్త బల్ల కొననక్కర్లేదు. కుర్చీ మీద దిండు వేసి, కాళ్ళ కింద పీటో, ఇటుకలో పెట్టండి. బల్ల మీద మోచెయ్యి ఆనించినప్పుడు భుజం లేవకుండా ఉంటే చాలు.

గచ్చు మీద బాసింపట్టు వేసుకుని రాసే అలవాటు ఉంటే అది మంచిదే, కానీ పుస్తకం గచ్చు మీద ఉండకూడదు. వీపు గూనిలా వంగిపోతుంది, కళ్ళు కాగితానికి జానెడు దూరంలోకి వచ్చేస్తాయి. మోచెయ్యి ఎత్తుకు సరిపోయే పీటో, చిన్న రాత బల్లో ముందు పెట్టండి. వెనక వైపు కొంచెం ఎత్తు ఉండేలా వాలుగా ఉంటే ఇంకా మంచిది. రెండంగుళాల మందం ఉన్న పాత ఫైలు అడ్డంగా పెట్టినా ఆ వాలు వస్తుంది. కంటికీ కాగితానికీ మధ్య దూరం ఎంతంటే, వాడి మోచేతి నుంచి పిడికిలి దాకా ఎంతో అంత. వెలుతురు ఎడమ పక్క నుంచి రావాలి, లేకపోతే తన చేతి నీడే అక్షరం మీద పడుతుంది.

పెన్సిలు విషయంలో రెండు మాటలు. 2బి తీసుకోండి, హెచ్‌బి అయినా ఫరవాలేదు. గట్టి ముల్లు ఉన్న పెన్సిలైతే గీత నల్లగా పడదు, నల్లగా పడాలని పిల్లాడు నొక్కుతాడు, అక్కడితో నొక్కే అలవాటు పడిపోతుంది. రెండోది పొడవు. కొత్త పెన్సిలు ఆరేళ్ళ చేతికి మరీ పొడుగు, వెనక భాగం బరువుకి ఊగుతూ ఉంటుంది. సగానికి కోసి ఇవ్వండి. ఇంకా చిన్న పిల్లలకి, అంటే నాలుగైదేళ్ళ వాళ్ళకి, మూడు సెంటీమీటర్ల బలపం ముక్కే అన్నిటికంటే మంచి గురువు. అంత చిన్న ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్ళ కొసలతోనే పట్టాలి. రాతి పలక మీద బలపం గరగరలాడుతుంది. ఆ ఒరిపిడి చేతికి తెలుస్తుంది, ఎంత నొక్కాలో చెయ్యే నేర్చుకుంటుంది. తెల్ల బోర్డు మీద మార్కరు జారిపోతుంది, ఫోను అద్దం మీద వేలు అంతకంటే జారుతుంది. మొదటి రెండేళ్ళు ఆ రెండిటితో అక్షరాలు దిద్దించొద్దు. మార్కాపురం రాతి పలక ఎక్కడైనా దొరికితే కొనిపెట్టండి.

పట్టు ఎలా ఉండాలంటే, బొటనవేలి కొస, చూపుడువేలి కొస పెన్సిలుని పట్టుకోవాలి, మధ్యవేలి మొదటి కణుపు పక్కన అది ఆనాలి. ముల్లు చివర నుంచి రెండు, రెండున్నర సెంటీమీటర్ల పైన పట్టు ఉండాలి. అక్కడ ఒక రబ్బరు బ్యాండు చుట్టేస్తే రోజూ చెప్పే పని ఉండదు. నేర్పే తీరు ఇదీ: పెన్సిలుని ముల్లు పిల్లాడి వైపు ఉండేలా బల్ల మీద పెట్టండి. చెక్కిన చోటికి కొంచెం అవతల రెండు వేళ్ళతో చిటికెలా పట్టుకుని పైకి తీయమనండి. రెండో చేత్తో పెన్సిలు వెనక భాగాన్ని తన వైపుకి తోస్తే అది తిరిగి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో పడుకుంటుంది. రోజూ ఐదుసార్లు ఆటలా చేయిస్తే రెండు వారాల్లో పట్టు కుదురుతుంది. ఉంగరం వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకోవాలి. అవి విచ్చుకుంటుంటే ఆ రెండు వేళ్ళ కింద ఒక చింతపిక్క ఇచ్చి జారనివ్వకుండా రాయమనండి.

మధ్యవేలు కూడా పెన్సిలు మీదకి ఎక్కించి, నాలుగు వేళ్ళతో పట్టే పిల్లలు ఉంటారు. నొప్పి లేకుండా, వేళ్ళు కదులుతూ ఉంటే దాన్ని మార్చకండి. మార్చాల్సినవి ఏవంటే, పిడికిలి పట్టు, బొటనవేలు చూపుడువేలి మీదుగా చుట్టుకుపోయే పట్టు, ముల్లుకి ఆనుకుని పట్టుకోవడం. ఈ మూడిట్లో వేళ్ళు కదలవు, చెయ్యి మొత్తం కదలాలి.

నొక్కుడు తగ్గించడానికి కార్బన్ కాగితం తెప్పించండి. తెల్ల కాగితం, దాని కింద కార్బను, దాని కింద ఇంకో తెల్ల కాగితం, మళ్ళీ కార్బను, మళ్ళీ కాగితం. మొదటి రోజు అచ్చు మూడో కాగితం దాకా దిగుతుంది. "ఇవాళ రెండో దాని మీదే పడాలి" అని పందెం వేయండి. ఎంత నొక్కుతున్నాడో తన కంటికే కనిపిస్తుంది, "నొక్కకు నొక్కకు" అని మీరు అరవక్కర్లేదు. వర్షాకాలంలో మన వైపు గాలి తేమకి నోటుపుస్తకాల కాగితం మెత్తబడిపోతుంది, ముల్లు దిగబడుతుంది, రబ్బరు పెడితే చిరుగుతుంది. అప్పుడు పేజీ కింద గట్టి అట్ట పెట్టండి. ఎండాకాలం చెమటకి అరచెయ్యి కాగితానికి అంటుకుని అక్షరం సగంలో ఆగిపోతుంది, చేతి కింద ఒక పాత కాగితమో, రుమాలో వేస్తే జారుతుంది. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ ఆరేళ్ళ పిల్లాడికి చిరాకు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

చేతికి బలం రాతవల్ల రాదు, పనివల్ల వస్తుంది. మన ఇళ్ళల్లో దానికి కొదవలేదు. అన్నిటికంటే పైన పెట్టవలసింది ముగ్గు. బియ్యప్పిండిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టి కొద్దికొద్దిగా వదలడం, పెన్సిలు పట్టులో పనిచేసే మూడు వేళ్ళకీ అచ్చంగా అదే కసరత్తు. అందులోనూ మెలికల ముగ్గు. చుక్క చుట్టూ తిరిగి, దాటి, మళ్ళీ చుట్టూ తిరగడం తెలుగు అక్షరానికి కావలసిన కదలికే. మూడు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి. మగపిల్లాడు ముగ్గేమిటని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

తర్వాత మట్టి. కాలువ గట్టు బంకమన్నుతో ఉండలు, పాములు, గిన్నెలు చేయించండి. పాములా పొడుగ్గా తీసిన మట్టితో అక్షరాన్ని పలక మీద పేర్చితే, ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో చేతికి పడుతుంది. కొబ్బరాకుతో గడియారం, బూర చుట్టడం, బంతిపూలు దారానికి గుచ్చడం, చిక్కుడుకాయలు, బఠాణీలు ఒలవడం, తడిబట్ట పిండడం, పొట్టిక్కల (పనసాకు బుట్టల్లో వండే ఇడ్లీల) కోసం పనసాకుల్ని పుల్లతో కుట్టడం, కత్తెరతో పాత క్యాలెండరు కత్తిరించడం, ఇవన్నీ రాతకి ముందు మెట్లే. గోడ మీద నీళ్ళలో ముంచిన కుంచెతో పెద్ద సున్నాలు గీయించడం కూడా మంచిది. నిలువు గోడ మీద గీసేటప్పుడు మణికట్టు దానంతటదే కొంచెం వెనక్కి వంగుతుంది, రాయడానికి కావలసిన వంపు అదే. భుజం కూడా గట్టిపడుతుంది. రోజుకు ఏదో ఒకటి పావుగంట చాలు.

ఇక అక్షరం. పుస్తకాల దుకాణాల్లో దొరికే నాలుగు గీతల పుస్తకాలు ఇంగ్లీషు కొలతలతో చేసినవి. మన అక్షరానికి మూడు అంతస్తులు. మధ్యలో ఒళ్ళు, పైన తలకట్టూ గుడీ ఏత్వమూ, కింద వత్తు. రెండు గీతల పుస్తకంలో ఒళ్ళు గీతల మధ్య పడుతుంది, పైనా కిందా ఉన్న సందులో ఈ వరుస వత్తు, వచ్చే వరుస గుడి రెండూ ఒకే చోటికి వచ్చి గుద్దుకుంటాయి. పేజీ గజిబిజిగా కనిపించడానికి సగం కారణం ఇదే, పిల్లాడి తప్పు కాదు. వరుస విడిచి వరుస రాయించండి. లేదా తెల్ల కాగితం మీద స్కేలుతో మీరే గీయండి: పైన 6 మిల్లీమీటర్లు, ఒంటికి 10, కింద వత్తుకి 8. మొత్తం 24 మిల్లీమీటర్ల వరుస. ఏడేళ్ళకి ఒళ్ళు 8 మిల్లీమీటర్లకి, తొమ్మిదేళ్ళకి 5 కి దింపుకోవచ్చు. మామూలు ఒంటి గీత పుస్తకంలోకి వెళ్ళినప్పుడు గీతల మధ్య చోటులో సగమే ఒంటికి ఇమ్మని చెప్పండి. గీత నుంచి గీత దాకా అక్షరాన్ని నింపేసే పిల్లలకి వత్తులు పెట్టడానికి చోటే మిగలదు.

అ ఆ ఇ ఈ వరుస చదవడానికి, పాడుకోవడానికి. రాయడానికి ఆ వరుస పట్టుకోనక్కర్లేదు. అ చాలా కష్టమైన అక్షరం, ఈ, ఋ అంతకంటే కష్టం. సున్నతో మొదలుపెట్టండి. సున్నని ఒకే వేగంతో, మొదలూ చివరా కలిసేలా గీయడం వచ్చిందాకా ముందుకి పోవద్దు. ఆ తర్వాత ర, ఠ. ఆ తర్వాత గ. అక్కణ్ణుంచి ద, డ, ధ, ఢ, థ ఒక గుంపు. ప, ఫ, ష, స, హ ఒక గుంపు. వ, మ, య ఒక గుంపు. ఒక గుంపులో చెయ్యి తిరిగే తీరు ఒకటే కాబట్టి ఒకటి కుదిరితే మిగిలినవి తేలిగ్గా వస్తాయి. ఒక్కో అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలన్నది బడిలో టీచరు గారు ఎలా నేర్పుతున్నారో అలాగే ఇంట్లోనూ ఉంచండి. తెలుగులో కొన్ని అక్షరాలకి రెండు తీరుల రాత వాడుకలో ఉంది. రెండూ కలిస్తే పిల్లాడు తికమకపడతాడు.

తలకట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దస్తూరి అందమంతా అందులోనే ఉంది. అక్షరం ఒళ్ళు పూర్తయ్యాకే తలకట్టు పెట్టాలి. ఎడమ పక్క పొట్టి గీత కిందికి, చెయ్యి ఎత్తకుండా కుడి పక్క పొడవు గీత పైకి. పిల్లలు దీన్ని అడ్డగీతలా, లేకపోతే రెండు పక్కలా సమానంగా కొడతారు. పేజీలో తలకట్లన్నీ ఒకే వాలులో, ఒకే పొడవులో ఉంటే, లోపల అక్షరాలు అంతంతమాత్రంగా ఉన్నా రాత చూడచక్కగా కనిపిస్తుంది. ఒక వారం తలకట్లు మాత్రమే రాయించినా వృథా కాదు, ఖాళీ వరుసలో పది తలకట్లు, ఒకే వాలు. ప, స, ష, హ మీద తలకట్టు ఒంటికి అంటకుండా కొంచెం ఎడంగా ఉంటుంది. వ, మ, య లకి అతుక్కుని ఉంటుంది. ఈ తేడా చెప్పకపోవడం వల్లే ప, వ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. ఖ, జ, ట, ణ, బ, ల లకి తలకట్టు లేదు. బ కి లేదు, భ కి ఉంది, కింద గీత కూడా ఉంది. ద కి తలకట్టు తప్ప ఇంకేమీ లేదు, ధ కి కింద గీత, థ కి కింద గీతతో పాటు పొట్టలో చుక్క. ఇలా పక్కపక్కన పెట్టి చూపిస్తేనే కన్ను పట్టుకుంటుంది.

గుణింతం దగ్గర ఎక్కువ మంది చేసే తప్పు, తలకట్టు ఉంచేసి దాని మీద గుడి పెట్టడం. గుడి వస్తే తలకట్టు పోతుంది. కా, కి, కీ, కె, కే, కై, కొ, కో, కౌ అన్నిట్లోనూ తలకట్టు చోటులోకే గుర్తు వస్తుంది. కు, కూ, కృ, కం, కః లో తలకట్టు నిలుస్తుంది. పిల్లాడికి క ఒళ్ళు మాత్రం తలకట్టు లేకుండా ఒక అట్టముక్క మీద రాసి, తలకట్టు, దీర్ఘం, గుడి, ఎత్వం విడివిడి ముక్కల మీద రాసి ఇవ్వండి. ఒకటి తీసి ఇంకోటి పెట్టుకుంటూ ఆడితే గుణింతం అంటే ఏమిటో పది నిమిషాల్లో అర్థమవుతుంది.

కొమ్ము సంగతి వేరు. కు, గు, తు లకి కొమ్ము కుడి పక్కన తగులుతుంది. ప, ఫ, వ లకి మాత్రం కింద నుంచి మొదలై కుడివైపుకి లేస్తుంది. ఎందుకంటే వ పక్కన కొమ్ము తగిలిస్తే అది మ అయి కూర్చుంటుంది. "రావులపాలెం" అని రాయబోయి "రామలపాలెం" రాసే పిల్లలు అందుకే కనిపిస్తారు. మొ, మో, యొ, యో లు కూడా కొ, కో ల్లా రావు. మె కి కొమ్ము తగిలించినట్టు మొ రాస్తాం. వీటిని విడిగా, ఆలస్యంగా నేర్పండి.

వత్తు ఒంటిలో సగం పరిమాణంలో, కిందుగా, కొంచెం కుడికి ఉండాలి. పిల్లలు వత్తుని అక్షరమంత పెద్దది చేసి పక్కన రాసేస్తారు, అప్పుడు "అమ్మ" మూడక్షరాల మాటలా కనిపిస్తుంది. క, త, న, మ, య, ర, ల, వ వత్తులకి రూపం మారుతుంది, మిగిలినవి చాలావరకు తలకట్టు తీసిన చిన్న అక్షరాలే. మారేవి ఎనిమిదే కాబట్టి ఎనిమిది మాటలు చాలు: అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్రం, పిల్లి, గువ్వ.

సాధనకి మాటలు వెతుక్కోనక్కర్లేదు, బస్సు బోర్డులు చాలు. కాకినాడ సులువు. కొత్తపేటలో త వత్తు, పాలకొల్లులో ల వత్తు, రావులపాలెంలో వు, ఆత్రేయపురంలో క్రావడి (ర వత్తు) మీద ఏత్వమూ, పక్కనే పు. ముమ్మిడివరం వచ్చిందంటే మ, వ తేడా, కొమ్ము, వత్తు, గుడి, సున్న అన్నీ వచ్చినట్టే. తెలిసిన ఊళ్ళు కాబట్టి ఇష్టంగా రాస్తాడు, బస్సు మీద అచ్చు అక్షరంతో తన అక్షరాన్ని పోల్చుకుంటాడు కూడా.

రోజుకి పన్నెండు నిమిషాలు, అంతకు మించొద్దు. మొదటి రెండు నిమిషాలు వేళ్ళు వంచడం, పిడికిలి బిగించి విప్పడం, గాలిలో పెద్ద సున్నాలు. తర్వాత మూడు నిమిషాలు ఒక్క అక్షరాన్ని పలక మీద అరచేయంత పెద్దదిగా, ఎటు తిరుగుతోందో నోటితో చెప్పుకుంటూ. తర్వాత ఐదు నిమిషాలు కాగితం మీద అదే అక్షరం. మీరు రాసిన దాని మీద రెండుసార్లు దిద్దాలి, చూసి రెండుసార్లు రాయాలి, మూసేసి ఒకసారి రాయాలి. అంతే, ఐదు. చుక్కలు కలిపే పుస్తకాల్లో పేజీలు నింపించొద్దు. పిల్లాడు చుక్క నుంచి చుక్కకి ఆగి ఆగి గీత గీస్తాడే గాని అక్షరం తిప్పడు. చివరి రెండు నిమిషాలు ఆ అక్షరం ఉన్న మాట ఒకటి. మాటకీ మాటకీ మధ్య ఒక సున్న పట్టేంత చోటు ఉండాలి.

ఐదు అక్షరాల్లో ఏది బాగుందో వాణ్ణే చెప్పమని దాని చుట్టూ సున్న చుట్టించండి. ఎర్ర పెన్నుతో తప్పులకి ఇంటూలు కొట్టకండి. పిల్లాడు తన రాతలో మంచి అక్షరాన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి మీ పని సగం తగ్గుతుంది. మీ చూపు మాత్రం కాగితం మీద కాకుండా చేతి మీద ఉండాలి. అక్షరం బాగానే వచ్చినా తప్పు చోట మొదలుపెట్టి గీసి ఉంటే, రేపు వేగం పెరిగినప్పుడు అది విరిగిపోతుంది. రబ్బరు ఈ పన్నెండు నిమిషాలూ పక్కన పెట్టేయండి. తప్పు అక్షరం అలాగే ఉంచి పక్కన ఇంకోటి రాయనివ్వండి. మూడో తరగతి దాకా వేగం గురించి ఎత్తకండి.

బడిలో ఇచ్చే రాత పని ఎక్కువగా ఉంటే టీచరు గారితో మాట్లాడండి. "పది వరుసలకి బదులు మూడు వరుసలు శుభ్రంగా రాయిస్తాం, చూడండి" అని పుస్తకం చూపించి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఇంగ్లీషు రాత తెలుగు రాసిన వెంటనే పెట్టొద్దు, వేరే పూట పెట్టండి. ఇంగ్లీషులో ముందు విడి అక్షరాలు కుదరాలి, కలిపిరాత తర్వాత. ఆ అక్షరాలు దాదాపు అన్నీ పై నుంచి కిందికి మొదలవుతాయి, కింద నుంచి మొదలుపెడుతున్నాడేమో చూసుకోండి.

మీ బాబు ఏ చేత్తో రాస్తాడో మీరు రాయలేదు. ఎడమ చెయ్యి అయితే మార్చొద్దు. అన్నం తినడం, ఇచ్చిపుచ్చుకోవడం కుడి చేత్తో నేర్పుకుంటే నేర్పుకోండి, రాత మాత్రం ముట్టుకోకండి. ఎడమచేతి పిల్లాడు ముల్లుకి మూడు, నాలుగు సెంటీమీటర్ల పైన పట్టుకోవాలి, లేకపోతే రాసింది తన చెయ్యే కప్పేస్తుంది. కాగితం ఒంటికి ఎడమ పక్కగా, పై అంచు కుడికి వాలేలా పెట్టాలి. మణికట్టు గీతకి కిందే ఉండాలి, కొక్కెంలా పైనుంచి తిరిగి రాకూడదు. వెలుతురు కుడి పక్క నుంచి. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని అడగండి, పక్కవాడి మోచెయ్యి తగలదు. కుడిచేతి పిల్లలకి కాగితం పై అంచు కొంచెం ఎడమకి వాలాలి.

ఇవన్నీ మూడు నెలలు చేసినా కదలిక లేకపోతే ముందు కళ్ళు పరీక్ష చేయించండి. తల ఒక పక్కకి వాల్చి రాయడం, బోర్డు మీద నుంచి ఎక్కించుకోవడంలో మాటలు వదిలేయడం చూపు తేడాకి గుర్తులు. గుండ్రం మూడేళ్ళకి, కూడిక గుర్తు నాలుగేళ్ళకి, చదరం ఐదేళ్ళ దరిదాపుల్లో చూసి గీయగలగాలి. ఆరు నిండినా చదరం మూలలు రాకపోతే, రాసిన ప్రతిసారీ చెయ్యి నొప్పంటుంటే, ఏడు దాటాక కూడా అక్షరాలు అద్దంలోలా తిరగబడుతుంటే, నోటితో చక్కగా చెప్పిందాన్ని కాగితం మీద పెట్టలేకపోతుంటే, దస్తూరి సాధనతో తేలే విషయం కాకపోవచ్చు. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) గాని, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీలో గాని చూపించండి. డిస్‌గ్రాఫియా, అంటే రాయడంలోనే ఉండే ఇబ్బంది, అని తేలితే అది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కిందికి వచ్చే అభ్యసన సమస్యే. పిల్లాణ్ణి కొట్టో, తిట్టో సరిచేసేది కాదు.

పెన్ను ఎప్పుడు అంటారా, నాలుగో తరగతి దాకా తొందరలేదు. బాల్‌పెన్నుకి నొక్కాలి, జెల్‌పెన్ను జారిపోతుంది. మొదటి పెన్నుగా సన్నటి ఒళ్ళున్న సిరా పెన్ను మంచిది. పాళీకి బరువు అక్కర్లేదు, నొక్కితే పాడవుతుంది కాబట్టి నొక్కుడు అలవాటు దానంతటదే పోతుంది. 1930లలో స్వదేశీ పెన్నుగా గాంధీజీ చేతికి చేరిన రత్నం పెన్ను రాజమండ్రిదే. కాకపోతే ఆ ఎబొనైటు (గట్టి రబ్బరు) పెన్నులు చాలావరకు లావు, చేతులు ఎదిగాక కొనివ్వచ్చు. పిల్లలకి మధ్యరకం పాళీ ఉన్నది తీసుకుని, కాగితానికి ఏటవాలుగా పట్టించండి. రెండు మూడు వారాలకోసారి చల్లటి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఆషాఢ శ్రావణాల్లో పలచటి కాగితం మీద సిరా పాకుతుంది, ఆ రెండు నెలలు పెన్సిలుకే తిరిగి వెళ్ళినా నష్టం లేదు.